క్రొత్త దంతవైద్యునకు సంఘము అండ

హాలియా వంటి చోట దంతవైద్యశాల తెరచు యువవైద్యునకు చదువు కలదు, పట్టా కలదు. కాని సలహా చెప్పు పెద్ద ప్రక్కన ఉండడు. కుర్చీ, పనిముట్లు, ఎక్స్‌రే యంత్రము కొనుటకు పెట్టుబడి కావలెను. జనులకు గురి కుదురు వరకు రాబడి స్వల్పము. ఈ దశలో నిలువలేక అతడు పట్టణమునకు మరలిపోయినచో నష్టము చుట్టుప్రక్కల గ్రామములదే.

ఇట్టివారికి తోడుగా నిలుచునది భారతీయ దంతవైద్యుల సంఘము.  దీనికి రాష్ట్ర శాఖలును, స్థానిక శాఖలును కలవు. శాఖా సమావేశములలో అనుభవజ్ఞులు క్రొత్త చికిత్సా విధానములను బోధింతురు; చిక్కు వచ్చినపుడు వారిని అడుగవచ్చును. సంఘమున చేరుట ఐచ్ఛికము. రాష్ట్ర దంతవైద్య మండలిలో పేరు నమోదు మాత్రము తప్పనిసరి. 1948 నాటి దంతవైద్యుల చట్టము ఈ నియమమును ఏర్పరచినది.

నల్లగొండ జిల్లాలో ఈ వైద్యుని అవసరము అధికము. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించినచో, చిన్నతనమున ఆ నీరు త్రాగినవారి పండ్లపై గోధుమరంగు మచ్చలు ఏర్పడవచ్చును. అవి తోమినంత మాత్రమున పోవు. రక్షిత జలము నివారణ. ఏర్పడిన మచ్చలకు వైద్యుడే దిక్కు.

కావున పంచాయతీ సభ్యులు వైద్యుని నమోదు పత్రము చూడవలెను. పాఠశాలలో దంతపరీక్షా శిబిరము జరుపుటకు సంఘ శాఖకు లేఖ వ్రాయవలెను. స్థలము చూపి, తేదీ చాటింపు వేయించవలెను. శిబిరమున పరిచయమైన వైద్యుని జనులు నమ్ముదురు. ఆ నమ్మకమే ఊరికి వైద్యుని నిలుపును.