స్కాన్ చేసి వదిలేస్తే చాలదు

తెలుగు పాత పుస్తకాలు ఇవాళ వేల సంఖ్యలో ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఈ శతాబ్దపు తొలి ఏళ్లలో మొదలైన ‘డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా’ పథకం అందులో పెద్ద పాత్ర పోషించింది. అయినా కావలసిన పుస్తకం దొరకబుచ్చుకోవడం కష్టంగానే ఉంది. చాలా పుస్తకాల పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో, చేతికొచ్చిన స్పెల్లింగుతో నమోదు చేయడమే దీనికి కారణం. స్కానింగ్‌పై చూపిన శ్రద్ధ, ఏ పుస్తకం ఎవరిదో, ఏ ముద్రణో, ఏ ఏటిదో రాయడంపై చూపలేదు. ఈ వివరాలనే మెటాడేటా అంటారు. ఇవి సరిగా లేని పుస్తకం ఉన్నా లేనట్టే. కాబట్టి వివరాల నమోదును స్కానింగ్ తర్వాత తీరిక దొరికితే చేసే పనిగా కాక, భద్రపరచడంలో సగభాగంగా లెక్కించాలి.

వివరాలు రాసిపెట్టడం మనకు కొత్త కాదు. కావ్యాల్లో ఆశ్వాసం చివరి గద్యలో కవి తన పేరు, తండ్రి పేరు, కావ్యం పేరు చెప్పుకొనేవాడు. తాటాకు ప్రతి రాసిన లేఖకులు తిథి, వారం, సంవత్సరం పేరు వేసేవారు. చిక్కల్లా ఎవరికి తోచినట్టు వారు రాయడంలో ఉంది. ప్రతి మీద ‘రక్తాక్షి నామ సంవత్సరం’ అని మాత్రమే ఉంటే అది 1864-65 కావచ్చు, 1924-25 కావచ్చు. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. శకసంవత్సరం కూడా వేసి ఉంటే చిక్కు విడిపోతుంది. ప్రతిలో ఉన్నది ఉన్నట్టు రాసి, దానికి సరిపోయే క్రీస్తుశకాన్ని పక్కన విడిగా చూపాలనే నియమం అందుకే అవసరం. ఒకరు రాసింది మరొకరికి, ఒక కంప్యూటర్ రాసింది మరో కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చేసే ఇలాంటి ఒప్పందాలే ప్రమాణాలు.

1960ల్లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ నాయకత్వాన రూపొందిన మార్క్ (MARC) వీటిలో ముఖ్యమైనది. అందులో రచయితకు 100, గ్రంథనామానికి 245 అని ప్రతి వివరానికీ సంఖ్య వేసిన ఒక గడి ఉంటుంది. గడులు మాత్రమే ఉంటే చాలదు, వాటిలో ఏం రాయాలో కూడా తేలాలి. మహాప్రస్థానం కర్త ఒకచోట శ్రీశ్రీ, ఒకచోట శ్రీరంగం శ్రీనివాసరావు, మరోచోట ‘రావు’ను ఇంటిపేరనుకున్న వారి చేతిలో రావు శ్రీరంగం శ్రీనివాస అయితే, కంప్యూటర్‌కు ముగ్గురు కవులు కనిపిస్తారు. అందుకే గ్రంథాలయాలు ఒక రూపాన్ని ప్రామాణికంగా ఎంచుకుని, మిగతా వాటిని దానికి ముడిపెడతాయి. భాగవతుల సదాశివశంకరశాస్త్రి అని వెతికినా ఆరుద్ర పుస్తకాలు రావాలంటే ఈ ముడి ఉండాల్సిందే.

పాత దస్తావేజుల సంగతి వేరు. అచ్చయిన పుస్తకానికి అనేక ప్రతులుంటాయి; కాగితాల కట్ట ఒక్కటే ఉంటుంది, అందులో ప్రతి కాగితానికీ పక్క కాగితాన్ని బట్టే అర్థం. ఎక్కడ పుట్టిన కాగితాలను అక్కడివాటితోనే కలిపి ఉంచాలని 1841లోనే ఫ్రాన్స్ నియమం పెట్టుకుంది. అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి రూపొందించిన ఇసాడ్-జి ప్రమాణానికి మూలం ఆ సూత్రమే. ముందు మొత్తం సేకరణను వర్ణించి, తర్వాత అందులోని భాగాలకూ విడి కాగితాలకూ రావాలంటుందది. మనకు దీని విలువ ఊళ్ల చరిత్రలు రాసిన కైఫియత్తులు చెబుతాయి. కావలి సోదరుల వంటి సహాయకులతో సర్వేయర్ కాలిన్ మెకంజీ సేకరించినవి, 1821లో ఆయన మరణించాక కొన్ని లండన్‌కు, కొన్ని మద్రాసుకు చేరాయి. పాడైపోతున్న వాటికి సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించారు. ఇప్పుడొక కైఫియత్తును ‘తెలుగు రాతప్రతి’ అని మాత్రమే పెడితే, అది మూలమా నకలా, ఏ ఊరిది, ఎవరు సేకరించారు అన్నవేవీ తెలియవు. చరిత్రకారుడికి సాక్ష్యంగా దాని బలం అక్కడే సగం పోతుంది.

పుస్తకంలోని ప్రతి మాటనూ కంప్యూటర్ చదివేస్తుంటే ఇంత శ్రమ దేనికని అడగవచ్చు. అరసున్నలు, బండి ఱలు నిండిన పాత అచ్చును, పదాల మధ్య ఖాళీ లేని తాటాకును యంత్రం ఇప్పటికీ తడబడుతూనే చదువుతుంది. తప్పు లేకుండా చదివినా, మొదటి పేజీ చిరిగిన పుస్తకం ఎన్నో ముద్రణో, ఫొటోలో ఉన్నదెవరో పాఠం చెప్పదు. యంత్రం ఊహించి చెబితే దాన్ని సరిచూసే మనిషి కావాలి. ఇవన్నీ పరదేశపు కొలతలు, మనకు కుదరవన్నది మరో అభ్యంతరం. ఇంటిపేర్ల విషయంలో అందులో నిజముంది. అయితే మద్రాసులో పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1933లోనే పుస్తకాలను విషయాలవారీగా విభజించే కోలన్ వర్గీకరణను ప్రపంచానికి ఇచ్చారు. మార్క్‌లోనూ అసలు లిపి కోసం 880 గడి ఉంది. దాన్ని నింపకపోవడం ప్రమాణం తప్పు కాదు. ఇక చిన్న గ్రంథాలయాలకు సిబ్బంది లేరన్నది కాదనలేని మాట. వారికి 1995లో ఒహాయోలోని డబ్లిన్‌లో పుట్టిన డబ్లిన్ కోర్ ప్రమాణం చాలు. అందులో ఉన్నవి 15 అంశాలే, ఏదీ తప్పనిసరి కాదు.

పాత పుస్తకాలు స్కాన్ చేస్తున్న సంస్థలకూ, ఔత్సాహికులకూ విన్నపం ఒకటే. తెలుగు లిపిలో పేరు, రచయిత పూర్తి పేరు, ప్రచురించిన వారు, ఊరు, ముద్రణ, సంవత్సరం, ఆ ప్రతి ఎక్కడిది - ఈ ఏడు వివరాలూ నింపకుండా ఏ ఫైలునూ ఇంటర్నెట్‌లో పెట్టకండి.