ఉద్యమానికి గ్రాంటు: డబ్బు ఎవరిది, నిర్ణయం ఎవరిది?

మచ్చ బొల్లారంలో ఒక చిన్న సంఘం ఉందనుకుందాం. పదిమంది విద్యార్థులు, ఇద్దరు పారిశుధ్య కార్మికులు, ఒక జూనియర్ వకీలు. మ్యాన్‌హోల్‌లో దిగి చనిపోయినవారి కుటుంబాలకు పరిహారం ఇప్పించడం, కులం పేరుతో దాడికి గురైనవారికి పోలీస్ స్టేషన్‌లో తోడుగా నిలబడటం వాళ్ల పని. మురుగు కాల్వల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. కోర్టు చెప్పగానే చెక్కు ఇంటికి రాదు. ఎఫ్ఐఆర్ నకలు కావాలి, పోస్టుమార్టం నివేదిక కావాలి, ఆ మనిషిని పనికి పిలిచిందెవరో చెప్పే సాక్షి కావాలి. శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలోని జిల్లా కలెక్టరేట్‌కు పదిసార్లు తిరగాలి. ఈ తిరుగుడు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

సామాజిక న్యాయం, అహింస మా లక్ష్యాలని చెప్పుకునే ప్రైవేటు ఫౌండేషన్లు దేశంలోనూ బయటా ఉన్నాయి. వాటి డబ్బు ఇలాంటి సంఘం దాకా ఎందుకు రాదు, వస్తే ఏ షరతులతో వస్తుంది అన్నది ఇక్కడ వివరిస్తాం. మేము చెప్పదలుచుకున్నది ఒక్కటే: దాతలు ఇష్టపడేది గొడవ లేని సేవ, దళితులకు కావలసింది న్యాయం. ఈ రెండింటి మధ్య దూరం కొత్తది కాదు.

1932లోనే వచ్చిన ప్రశ్న

పూనా ఒప్పందం కుదిరిన వారానికే, 1932 సెప్టెంబరు 30న, బొంబాయిలో అస్పృశ్యతా వ్యతిరేక లీగ్ పుట్టింది. తర్వాత అదే హరిజన సేవక్ సంఘ్ అయింది. అధ్యక్షుడు పారిశ్రామికవేత్త జి.డి. బిర్లా, కార్యదర్శి ఎ.వి. థక్కర్. అంటరానితనం మీద పనికి పెద్ద పెట్టుబడిదారుడి అండ, గాంధీ అహింసా మార్గం కలిసిన సంస్థ అది.

ఆ నవంబరు 14న, విదేశ ప్రయాణంలో ఉన్న అంబేడ్కర్ ఓడ నుంచి థక్కర్‌కు సుదీర్ఘమైన లేఖ రాశారు. బడులు, గ్రంథాలయాలు పెట్టి కొందరు వ్యక్తులను బాగుచేయడం ఒక దారి. మొత్తం వర్గాన్ని అణచిపెట్టిన పరిస్థితులను మార్చడం మరో దారి. లీగ్ తన డబ్బును, శక్తిని రెండో దారిలో పెట్టాలని ఆయన కోరారు. ఊరి బావి, బడి, చావడి, ప్రయాణ సాధనాల్లో సమాన హక్కు కోసం పల్లెపల్లెనా పోరాడాలన్నారు. దానివల్ల అలజడి రేగుతుందని, రక్తం కూడా చిందవచ్చని ఆయనకు తెలుసు. అయినా ఆ దారి తప్పదన్నారు. పనిచేసేవాళ్లను అంటరానివారి నుంచే తీసుకోవాలని కూడా సూచించారు.

ఆ లేఖకు జవాబు రాలేదు. అంబేడ్కర్ లీగ్ నుంచి బయటికి వచ్చారు. పాలకమండలిలో దళితులు ఎందుకు లేరని అడిగితే, ఇది సవర్ణులు చేసుకునే ప్రాయశ్చిత్తం అన్నది గాంధీ సమాధానం. అప్పు తీర్చేవాడే ఎలా తీర్చాలో నిర్ణయించుకుంటాడన్నమాట.

నేటి గ్రాంటు ఒప్పందాల్లోనూ ఆ రెండు ప్రశ్నలే ఉన్నాయి. డబ్బు దేనికి? నిర్ణయించే కుర్చీలో ఎవరు?

గ్రాంటు మూడేళ్లు, కేసు ఇరవై మూడేళ్లు

ఫౌండేషన్ అంటే ఒక కుటుంబమో కంపెనీయో పక్కన పెట్టిన సంపద మీద వచ్చే రాబడిని ప్రజాప్రయోజనం కోసం పంచే సంస్థ. ఫోర్డ్ ఫౌండేషన్ 1952లోనే ఢిల్లీలో కార్యాలయం తెరిచింది. అమెరికా బయట దానికి అదే మొదటి కార్యాలయం.

గ్రాంట్లు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి ప్రాజెక్టు గ్రాంటు. ఇన్ని నెలల్లో ఇన్ని శిక్షణలు, ఇంతమంది లబ్ధిదారులు అని ముందే రాసిచ్చి, ఆ లెక్క ప్రకారం ఖర్చు చేయాలి. రెండోది సంస్థ మనుగడకు ఇచ్చేది. అద్దె, జీతాలు, అనుకోని అవసరాలకు సంస్థ తన నిర్ణయం మేరకు వాడుకోవచ్చు. హక్కుల పనికి కావలసింది రెండోది. ఎక్కువగా దొరికేది మొదటిది, అదీ ఏడాదికో మూడేళ్లకో.

మన చరిత్రను ఆ గడువు పక్కన పెట్టి చూద్దాం. కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు మాదిగలను చంపారు. సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు నిందితులందరినీ వదిలేసింది. రెండు ఊళ్లలోనూ ఇరవై మూడేళ్లు. అన్నేళ్లూ సాక్షులను నిలబెట్టడం, వాయిదాలకు తిప్పడం, బెదిరింపుల మధ్య వాళ్ల కుటుంబాలను కాపాడుకోవడం ఏ మూడేళ్ల ప్రాజెక్టులోనూ పట్టదు.

అహింస గురించి దళితులకు పాఠం చెప్పే దాతలు ఈ లెక్క చూడాలి. అన్ని హత్యల తర్వాత కూడా కత్తి పట్టకుండా కోర్టు మెట్లెక్కినవాళ్లు వీళ్లు. అహింస అంటే గొడవ చేయకుండా కూర్చోవడం కాదు.

చట్టం బిగించిన ముడి

విదేశీ ఫౌండేషన్ల డబ్బు తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, ఎఫ్‌సీఆర్‌ఏ కింద కేంద్ర హోంశాఖ అనుమతి కావాలి. నమోదుకు సంస్థ పుట్టి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో అసలు కార్యక్రమాలపై కనీసం 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. మచ్చ బొల్లారం సంఘం లాంటివి ఇక్కడే ఆగిపోతాయి.

ఒకప్పుడు దీనికి పక్కదారి ఉండేది. నమోదైన పెద్ద సంస్థ గ్రాంటు తీసుకుని చిన్న సంఘాలకు పంచేది. 2020 సెప్టెంబరు సవరణ ఆ దారి మూసేసింది. ఒకరు తీసుకున్న విదేశీ నిధిని మరొకరికి బదిలీ చేయకూడదు. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి పడిపోయింది. నిబంధనల్లో వకీళ్ల ఫీజులు, నివేదికలు రాసే ఖర్చు పాలనా ఖర్చు కిందికే వస్తాయి. ఆసుపత్రిలో డాక్టరు జీతం, బడిలో టీచరు జీతం రావు. అంటే సేవకు వెసులుబాటు, న్యాయపోరాటానికి కత్తెర. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సవరణలను సమర్థించింది.

అదే కోర్టు 2020 మార్చిలో ఇచ్చిన మరో తీర్పు విద్యార్థులు గుర్తుంచుకోవాలి. బంద్, హర్తాళ్, రాస్తారోకో చేసే సంస్థలను రాజకీయ సంస్థలుగా ముద్రవేసి విదేశీ నిధులు ఆపే నిబంధనను ఇన్సాఫ్ కేసులో కోర్టు కుదించింది. పార్టీ రాజకీయాలతో సంబంధం లేకుండా ప్రజా సమస్యపై నిరసన తెలిపినంత మాత్రాన నిధులు ఆపకూడదంది. శాంతియుత నిరసనకు అది ఇప్పటికీ ఒక ఆసరా.

అనుమతి ఒక్క కాగితం మీద ఆధారపడితే ఏమవుతుందో గుజరాత్‌లో చూశాం. మార్టిన్ మక్వాన్ 1989లో స్థాపించిన నవసర్జన్ ట్రస్టు దళితుల హక్కుల కోసం పనిచేసేది. 2016 డిసెంబరులో దాని నమోదును రద్దు చేశారు. సేవా సంస్థలకైనా భరోసా లేదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన ఆర్డీటీ బడులు, ఇళ్లు, బత్తలపల్లి ఆసుపత్రి నడిపే సంస్థ. దాని విదేశీ నిధుల అనుమతి పునరుద్ధరణ ఆగిపోయినప్పుడు, 2025లో జనం రోడ్డెక్కారు.

శామీర్‌పేట పక్కనే ఉన్న డబ్బు

దేశీయ నిధులకు ఎఫ్‌సీఆర్‌ఏ అక్కర్లేదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. శామీర్‌పేట మండలంలో జీనోమ్ వ్యాలీ మందుల కంపెనీలున్నాయి. చట్టం ఏడో షెడ్యూలులో సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలు ఎదుర్కొనే అసమానతలను తగ్గించే పనులూ ఉన్నాయి. చట్టం అడ్డు చెప్పడం లేదు.

అడ్డు వచ్చేది ప్రయోజనాలు. స్థానిక అధికారులతో, నాయకులతో రోజూ పనులుండే కంపెనీ, ఒక కాంట్రాక్టరు మీదో ఎస్సై మీదో కేసు వేసే సంఘానికి డబ్బిచ్చి తలనొప్పి తెచ్చుకోదు. తరగతి గది కట్టించి శిలాఫలకం మీద పేరు వేయించుకోవడం సులువు.

సంతకానికి ముందు

గ్రాంటు తీసుకోవద్దని మేము అనడం లేదు. సంతకం పెట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగమంటున్నాం. ఈ డబ్బు సేవకా, హక్కు సాధనకా? దాత నిర్ణయ కమిటీలో దళితులు, ముఖ్యంగా దళిత మహిళలు ఎందరు? కేసు, సాక్షి, వకీలు ఖర్చులు దీంట్లో ఇముడుతాయా? గ్రాంటు ఆగిన మర్నాడు సంఘం చేతిలో ఏం మిగులుతుంది?

నాలుగో ప్రశ్నకు జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో జవాబుంది. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత మహిళల సంఘాలు బీడు భూములను సాగులోకి తెచ్చాయి. సాగుకు బయటి డబ్బు అప్పుగా వచ్చింది. మహిళలు దాన్ని జొన్నల రూపంలో ఊరికే తిరిగి కట్టారు. ఆ గింజలను ఊళ్లోనే నిల్వచేసి పేదలకు తక్కువ ధరకు అమ్మారు. ఎవరు ఎంత పేదో ఊరే కూర్చుని తేల్చింది. బయటి నుంచి వచ్చింది ఊరి నిధిగా మారింది.

సొంత నిధి మనకు కొత్త కాదు. భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టి, తర్వాత ఆది హిందూ ఉద్యమం, బడులు నడిపారు. కాన్షీరాం 1978లో బామ్‌సెఫ్ కట్టినప్పుడు, రిజర్వేషన్ వల్ల ఉద్యోగం వచ్చినవాళ్లు సమాజానికి తిరిగి చెల్లించాలన్నారు. ఒక బస్తీలో వందమంది నెలకు వంద రూపాయలు వేస్తే ఏడాదికి 1,20,000. దానికి ఏడుగురు సభ్యులతో సొసైటీ నమోదు, బ్యాంకు ఖాతా, నెలనెలా అందరి ముందూ చదివే లెక్క ఉంటే చాలు. అది ఫౌండేషన్ గ్రాంటుకు సాటి రాదు. కానీ రేపు ఉదయం ఎఫ్ఐఆర్ కోసం వెళ్లాలంటే ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. ఆ పునాది ఉన్న సంఘమే దాత ముందు కూర్చుని తన షరతులు చెప్పగలదు.