ఇంట్లో ఆక్సిజన్ గొట్టం

ఒక ఇల్లు అనుకుందాం. గురజాల దగ్గర పల్లె. రెండు గదులు, ముందు వసారా. కింద నాపరాళ్ళు పరిచారు. వెనక వంటిల్లు. ఇంట్లో అత్త, మామ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు ఉన్నారు.

అత్తకు అరవై ఏళ్ళు దాటాయి. నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి ముందు కూర్చుని వండింది. పత్తికట్టె, కందికట్టె, సర్కారు కంప, ఏది దొరికితే అది పొయ్యిలో పెట్టింది. గొట్టంతో పొయ్యి ఊదింది. కళ్ళు మండాయి. దగ్గు వచ్చింది. పొగే గదా అనుకున్నారు. ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. గుంటూరు పెద్దాసుపత్రిలో చూపించారు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి అన్నారు. ఆ జబ్బు పేరు సి.ఓ.పి.డి. ఇది చుట్ట, బీడీ తాగేవాళ్ళకే వస్తుందని చాలామంది అనుకుంటారు. పొయ్యి పొగ పీల్చిన ఆడవాళ్ళకూ వస్తుంది. సున్నం బట్టీల దగ్గర, రాతి క్వారీల్లో ఏళ్ళ తరబడి దుమ్ము పీల్చినా ఊపిరితిత్తులు పాడవుతాయి. పిడుగురాళ్ళ వైపు వాళ్ళకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు.

డాక్టరు అత్తకు ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టుకోమన్నారు. రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకోవాలి. రాత్రి నిద్రలో కూడా తియ్యకూడదు.

ఇంటికి మిషను వచ్చింది. మిషను నుంచి ఒక సన్నటి గొట్టం. దాని కొస అత్త ముక్కులో. మొదటి రోజే అత్త ఏడ్చింది. "పలుపు వేసి గేదెను కట్టినట్టు కట్టేశారు గదే నన్ను!" అంది.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. గొట్టం ఎంత పొడవుంటే అంతవరకే ఆమె తిరగగలదు. కానీ గేదెను పెంచేవాళ్ళకు ఒక సంగతి తెలుసు. పలుపు గుంజకు చుట్టుకుంటే గేదె కదల్లేదు. చుట్టుకోకుండా చూస్తే చుట్టూ తిరిగి మేస్తుంది. గొట్టం సంగతి కూడా అంతే. దాన్ని సరిగ్గా పరుచుకుంటే అత్త మంచం దగ్గరే ఉండిపోనక్కర్లేదు. వసారాలోకి వచ్చి కూర్చోవచ్చు.

ఈ మిషను ఏం చేస్తుంది?

మనం పీల్చే గాలిలో 100 పాళ్ళకు 21 పాళ్ళే ఆక్సిజన్. 78 పాళ్ళు నైట్రోజన్. మిగతావి ఒక పాలు. పిండిని జల్లెడ పడితే మెత్తటిది దిగి, పొట్టు మిగులుతుంది గదా. ఈ మిషను గాలిని అలా జల్లెడ పడుతుంది. నైట్రోజన్‌ను ఆపేస్తుంది. 90 పాళ్ళకు పైగా ఆక్సిజన్ ఉన్న గాలిని గొట్టంలోకి పంపుతుంది. దీన్ని కాన్సంట్రేటర్ అంటారు. 2021లో కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు ఈ పేరు పల్లెల్లో కూడా వినిపించింది. అప్పుడే విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ఆక్సిజన్ ట్యాంకర్లు రైలెక్కి మహారాష్ట్రకు వెళ్ళాయి. అది ఆసుపత్రులకు వెళ్ళే ద్రవ ఆక్సిజన్. ఇంట్లో మిషనుకు ట్యాంకరు అక్కర్లేదు. కరెంటు, గాలి ఉంటే చాలు.

గాలి ఆడాలి కాబట్టి మిషనును గోడకు ఆనించకూడదు. ఒక అడుగు ఎడం ఉండాలి. దాని మీద దుప్పటి, బట్టలు వెయ్యకూడదు. మిరపకాయలు పోసిన గదిలో అసలే పెట్టకూడదు. ఆ ఘాటు అత్తకూ మంచిది కాదు.

మిషను మీద నిలువుగా ఒక గాజు గొట్టం లాంటిది ఉంటుంది. పక్కన 1, 2, 3, 4, 5 అంకెలు ఉంటాయి. లోపల చిన్న గోళీ తేలుతుంది. గోళీ నడిమి భాగం ఏ అంకె దగ్గర ఉంటే నిమిషానికి అన్ని లీటర్లు వస్తున్నట్టు. డాక్టరు 2 అని రాస్తే 2 మీదే ఉండాలి.

ఇక్కడే చాలా ఇళ్ళలో పొరపాటు జరుగుతుంది. అత్తకు ఆయాసం ఎక్కువైతే కొడుకు కంగారుపడి 5కు తిప్పుతాడు. ప్రేమతోనే తిప్పుతాడు. కానీ ఈ జబ్బులో ఒంట్లోని చెడుగాలి సరిగ్గా బయటికి పోదు. ఆక్సిజన్ మరీ ఎక్కువైతే ఆ చెడుగాలి లోపల ఇంకా పేరుకుంటుంది. తలనొప్పి వస్తుంది. మనిషి మత్తుగా పడి ఉంటుంది. పలకరిస్తే పొంతన లేకుండా మాట్లాడుతుంది. "హాయిగా నిద్రపోతోంది" అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వేలికి పెట్టి చూసే మిషనులో ఇలాంటి జబ్బువాళ్ళకు 88 నుంచి 92 మధ్య ఉంటే చాలని డాక్టర్లు చెబుతారు. మీ మనిషికి ఎంత ఉండాలో డాక్టరును అడిగి రాసుకోండి. ఆయాసం తగ్గకపోయినా, పెదాలు నీలంగా మారినా, మత్తుగా ఉన్నా మిషను అంకె మార్చవద్దు. 108కి ఫోను చెయ్యండి.

ఇక గొట్టం.

ముక్కులో పెట్టే గొట్టాన్ని మందుల షాపులో "నేసల్ క్యాన్యులా" అని అడగాలి. దాని కొసన రెండు చిన్న ముక్కులు ఉంటాయి. అవి కొంచెం వంగి ఉంటాయి. వంపు కిందికి చూసేలా ముక్కులో పెట్టుకోవాలి. రెండు పాయలనూ చెవుల మీదుగా తిప్పి గడ్డం కిందికి తేవాలి. గడ్డం కింద ఒక బిగింపు ఉంటుంది. దాన్ని మరీ బిగించకూడదు. చెవుల వెనక ఒరుసుకుంటే మెత్తటి నూలుగుడ్డ చుట్టాలి. ముక్కు ఎండిపోయిందని కొబ్బరినూనె, ఆముదం, వాజిలిన్ రాయకూడదు. నూనె ఉన్నచోట ఆక్సిజన్ తగిలితే మంట త్వరగా అంటుకుంటుంది. నీళ్ళతో చేసిన క్రీము ఉంటుంది. డాక్టరును అడిగి అది వాడాలి.

గాలి వస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? గ్లాసుడు మంచినీళ్ళలో గొట్టం కొస ముంచండి. బుడగలు వస్తే గాలి వస్తున్నట్టే. తుడిచి మళ్ళీ పెట్టుకోవచ్చు. బుడగలు రాకపోతే మిషను పాడైందని హడావుడి పడవద్దు. ముందు గొట్టం పొడుగునా వేళ్ళతో తడుముతూ వెళ్ళండి. మంచం కోడు కింద పడి ఉండవచ్చు. తలుపు సందులో నలిగి ఉండవచ్చు. అత్తే దాని మీద కూర్చుని ఉండవచ్చు. ఎలుక కొరికి ఉండవచ్చు. పల్లెటూరి ఇంట్లో ఎలుకను మర్చిపోకూడదు.

మిషనుకు నీళ్ళ సీసా తగిలించి ఉంటే, గొట్టం కొసను వేలితో ఒక క్షణం మూసి చూడండి. సీసాలో బుడగలు ఆగాలి, లేదా సీసా ఈల వెయ్యాలి. రెండూ జరగకపోతే మధ్యలో ఎక్కడో గాలి కారిపోతోంది.

మిషను ఒకచోట ఉంచి పొడుగు గొట్టం తగిలిస్తే అత్త ఇంట్లో తిరగవచ్చు. అయితే అన్నీ కలిపి 50 అడుగులు దాటకూడదు. మరీ పొడవైతే కొసకు వచ్చే గాలి తగ్గవచ్చు. ముక్కలు తెచ్చి మనమే అతుకులు వెయ్యకూడదు.

గొట్టం గది మధ్యలో పడి ఉండకూడదు. గోడ వెంట పోవాలి. గడప దగ్గర జాగ్రత్త. అక్కడ గొట్టం ఎత్తుగా లేస్తుంది. చీకట్లో కాలికి తగులుతుంది. పెద్ద వయసులో పడితే తుంటి ఎముక విరుగుతుంది. గొట్టం తెల్లగా ఉంటే నేల మీద కనబడదు. మూరెడు మూరెడుకు ఎర్ర గుడ్డ పేలిక కడితే అందరికీ కనబడుతుంది. ముడి మాత్రం వదులుగా ఉండాలి. రాత్రి చిన్న లైటు వేసి ఉంచాలి.

అత్త నడిచేటప్పుడు గొట్టాన్ని ఈడ్చుకుంటూ పోకూడదు. బావిలో చేద తోడినప్పుడు తాడును చుట్టలు చుట్టలుగా చేతిలోకి తీసుకుంటాం గదా. గొట్టాన్ని కూడా అలా వదులుగా చేతిలో పట్టుకుని నడవాలి. కాలి కింద పడదు. చేద తాడు చేతిలో ఆడిన మనిషికి ఇది నేర్పక్కర్లేదు. వసారా దాకా అలా వచ్చి అరుగు మీద కూర్చుంటే, ఇరుగమ్మ పొరుగమ్మలతో మాట్లాడుతూ చిక్కుడుకాయలు ఈనెలు తియ్యవచ్చు. పిల్లలు గొట్టంతో తాడాట ఆడకుండా ఒక కన్ను వేసి ఉంచాలి. అంతే.

నీళ్ళ సీసాలో కాచి చల్లార్చిన నీళ్ళు గానీ, మందుల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ గానీ పొయ్యాలి. బోరు నీళ్ళు పోస్తే తెల్లటి పొర కడుతుంది. రెండు గీతల మధ్య వరకే పొయ్యాలి. ఎక్కువ పోస్తే నీళ్ళు గొట్టంలోకి ఎక్కుతాయి. రోజూ నీళ్ళు మార్చి సీసా కడగాలి. ముక్కు గొట్టాన్ని రోజూ తడిగుడ్డతో తుడవాలి. వారానికోసారి సబ్బునీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టాలి. రెండు మూడు వారాలకు కొత్తది మార్చాలి. జలుబు చేసి తగ్గినా మార్చాలి. పొడుగు గొట్టాన్ని మూడు నెలలకోసారి మార్చాలి. పాల లెక్క రాసే క్యాలెండరు మీదే ఆ తారీకు కూడా రాసుకుంటే మర్చిపోరు.

అన్నిటికన్నా పెద్ద భయం నిప్పు.

ఆక్సిజన్ తనంతట తాను మండదు. మండేదాన్ని మహా వేగంగా మండిస్తుంది. పొయ్యిని ఊదితే నిప్పు రాజుకుంటుంది గదా. ఊదే గాలిలో ఉన్న కొద్దిపాటి ఆక్సిజన్ వల్లే. ఇక మిషను నుంచి వచ్చే గాలి సంగతి చెప్పాలా? గొట్టం పెట్టుకుని పొయ్యి ముందుకు వెళితే రవ్వ ఎగిరి కొంగు మీద పడినా చాలు. ముఖమంతా అంటుకుంటుంది. ప్లాస్టిక్ గొట్టం కూడా మండుతుంది.

అందుకే అత్త పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు. కట్టెల పొయ్యి అయినా, గ్యాసు పొయ్యి అయినా అంతే. ఇది చెప్పడం తేలిక, ఒప్పించడం కష్టం. నలభై ఏళ్ళు వండిన చెయ్యి ఊరుకోదు. "చారు పోపు నేను పెడతానే" అంటుంది. కూరగాయలు తరగమని, బియ్యంలో రాళ్ళు ఏరమని ఆమెకు ఇవ్వాలి. పోపు కోడలు పెట్టాలి.

మామ చుట్ట మాటేమిటి? ఆ ఇంట్లో చుట్ట వెలిగించకూడదు. అత్త నిద్రపోతున్నా, గొట్టం తీసి పక్కన పెట్టినా వెలిగించకూడదు. మిషను ఆడుతుండగా గొట్టాన్ని మంచం మీద వదిలేస్తే దుప్పటి, చీర, జుట్టు ఆక్సిజన్ పట్టుకుంటాయి. తీసినప్పుడల్లా మిషను ఆపాలి. ఆపిన తర్వాత కూడా అరగంట నిప్పు దగ్గరికి పోకూడదు. దీపం, అగరుబత్తి, దోమల చుట్ట కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి. దేవుడి గూడు ఆ గదిలోనే ఉంటే దీపాన్ని పక్క గదికి మార్చాలి.

కరెంటు పోతే మిషను కూతపెట్టి ఆగిపోతుంది. పల్లెల్లో ఇది మామూలే. అందుకని ఒక సిలిండరు దగ్గర ఉంచుకోవాలి. మన దేశంలో ఆక్సిజన్ సిలిండరుకు నల్లటి ఒళ్ళు, తెల్లటి భుజాలు ఉంటాయి. వంట గ్యాసుది ఎరుపు. రెండూ ఒకచోట పెట్టకూడదు. సిలిండరును గోడకు గొలుసుతో కట్టాలి. నూనె చేతులతో దాని మూత తిప్పకూడదు.

అది ఎంతసేపు వస్తుంది? లెక్క చూద్దాం. బి టైపు సిలిండరు నిండా ఉంటే సుమారు 1500 లీటర్లు. నిమిషానికి 2 లీటర్లు. 1500ను 2తో భాగిస్తే 750 నిమిషాలు. అంటే పన్నెండున్నర గంటలు. అదే 3 లీటర్లయితే 500 నిమిషాలు, ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. కరెంటు రాగానే మళ్ళీ మిషనుకు మార్చి, సిలిండరు గట్టిగా మూసి, ముల్లు ఎక్కడ ఉందో చూసి రాసుకోవాలి. ముల్లు ఎర్ర గీత దగ్గరికి వస్తే ఆ రోజే నింపించుకు రావాలి.