మీకు తెలుసా? దెబ్బతిన్న దేహం సత్తువను తెల్లకణం చెబుతుంది

ఘోర రోడ్డు ప్రమాదం నుంచి బతికి బయటపడి, ఆపరేషన్లు కూడా గట్టెక్కిన మనిషికి వారం తిరక్కుండానే న్యుమోనియానో సెప్సిసో ప్రాణం మీదికి తెస్తుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్న వేళ వచ్చిపడే దెబ్బ ఇది. కారణం చాలాసార్లు గాయంలోనే ఉంటుంది. పెద్ద దెబ్బ తగిలినప్పుడు రోగనిరోధక వ్యవస్థ ఒక్కసారిగా చెలరేగుతుంది, ఆ వెంటే చతికిలబడుతుంది.

ఈ నీరసాన్ని రక్తంలో కొలవొచ్చు. మోనోసైట్ అనే తెల్లకణం సూక్ష్మజీవి ముక్కలను తన ఒంటి మీది హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ ప్రొటీన్‌పై పెట్టి తోటి కణాలకు చూపిస్తుంది, దొంగ ఫొటో పట్టుకుని ఊరంతా తిరిగే పోలీసులా. తీవ్రంగా గాయపడ్డవారిలో ఆ ప్రొటీన్ త్వరగానే పడిపోతుంది. అమెరికాలోని లూయీవిల్ వైద్యులు 1990లో ప్రచురించిన అధ్యయనంలో, సాఫీగా కోలుకున్నవారిలో అది వారానికల్లా మామూలు స్థాయికి చేరింది. పెద్ద ఇన్ఫెక్షన్ సోకినవారిలో 3 వారాలు పట్టింది. చనిపోయినవారిలో తిరిగి రానేలేదు. అందుకే ఒక్క రోజు అంకె కంటే అది ఎటు నడుస్తోందన్నదే ముఖ్యం.

ఇన్ఫెక్షన్ జాడ కోసం మనకు అలవాటైన సీఆర్‌పీ రక్తపరీక్ష ఇక్కడ తికమక పెడుతుంది. ఇన్ఫెక్షన్ లేకున్నా, ఉత్త దెబ్బకే అది పెరుగుతుంది.

మరి హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ పరీక్ష ప్రతి ఐసీయూలో ఎందుకు లేదు? ఫ్లో సైటోమీటర్ అనే యంత్రం కావాలి. పైగా తీసిన రక్తాన్ని చల్లగా ఉంచి కొద్ది గంటల్లోనే పరీక్షించాలి, గది వేడిలో ఉంటే అంకె తప్పుగా పెరిగిపోతుంది. అర్ధరాత్రి వచ్చే ప్రమాద కేసుల విషయంలో ఇది చిన్న అడ్డంకి కాదు.