కాగితపు విమానం నేర్పిన పాఠం

మన పిల్లల్లో చాలామందికి విమానం అంటే ఆకాశంలో చప్పుడు చేస్తూ పోయే చుక్క. అందులో కూర్చోవడం దూరపు ఆలోచన, దాన్ని నడపడం ఇంకా దూరం. ఆ దూరాన్ని తగ్గించే మార్గాల్లో స్కౌటు శిక్షణ ఒకటి.

రైట్ సోదరులు 1903లో ఎగిరితే, బేడెన్ పావెల్ 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో తొలి స్కౌటు శిబిరం నడిపారు. ఆయన తమ్ముడు మనిషిని పైకి లేపగల గాలిపటాలు తయారుచేసినవారు. అమెరికా స్కౌట్లకు 1911లోనే విమానయానంలో బ్యాడ్జి ఉంది. బ్రిటన్‌లో 1941లో ఎయిర్ స్కౌట్లు మొదలయ్యారు. చంద్రుడిపై తొలి అడుగు వేసిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా చిన్నప్పుడు స్కౌటే.

ఈ శిక్షణలో పిల్లలు మొదట నేర్చుకునేది విమానం ఎలా ఎగురుతుందో. దానిమీద నాలుగు బలాలు పనిచేస్తాయి. బరువు కిందికి లాగుతుంది, రెక్కల ఎత్తుబలం పైకి లేపుతుంది, ఇంజను ముందుకు నెడుతుంది, గాలి అడ్డుపడుతుంది. రెక్కల అంచుల్లోని ఐలెరాన్లు విమానాన్ని పక్కకు వాలుస్తాయి. తోకలోని ఎలివేటర్ ముక్కును పైకీ కిందికీ, రడ్డర్ కుడికీ ఎడమకీ తిప్పుతాయి.

దిక్సూచి పట్టడం తెలిసిన స్కౌటుకు రన్‌వే అంకెలు ఇట్టే అర్థమవుతాయి. బేగంపేటలో రన్‌వేకు ఒక కొనలో 09, మరో కొనలో 27 అని రాసి ఉంటుంది. వాటి పక్కన సున్నా చేర్చితే 90 డిగ్రీలు తూర్పు, 270 డిగ్రీలు పడమర. ఎగిరేముందు ఇంధనం, ఆయిలు, టైర్లు, కదిలే భాగాలు ఒక్కొక్కటిగా చూసుకునే క్రమం కూడా నేర్పుతారు. తొందరపడకుండా పనిచేసే అలవాటు అక్కడే పడుతుంది.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కాబట్టి పైగాలి ఎక్కువ దూరం పరుగెత్తి, కిందిగాలిని వెనక అంచు దగ్గర కలుసుకుంటుందని, అందుకే విమానం లేస్తుందని మేము ఏళ్ల తరబడి చెప్పాం. ఒకరోజు ఎనిమిదో తరగతి అమ్మాయి కాగితపు విమానం చూపించి, "దీని రెక్క చదునుగానే ఉంది కదా సార్, మరి ఎలా ఎగురుతోంది?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. వెతికి చదివాక తెలిసింది, ఆ రెండు గాలులు ఒకేసారి కలుసుకోవలసిన అవసరమే లేదని. రెక్క గాలిని కిందికి మళ్లిస్తుంది, పైన ఒత్తిడి తగ్గుతుంది, ఆ మేరకు గాలి రెక్కను పైకి నెడుతుంది. మర్నాడు తరగతిలో మా మాట దిద్దుకున్నాం. తర్వాత ఆ అమ్మాయే కాగితపు రెక్కల వెనక అంచులు కాస్త పైకి మడిచి, ముక్కు ఎలా లేస్తుందో అందరికీ చూపించింది.

దాతలారా, ఈ చదువుకు పెద్ద ఖర్చు లేదు. కాగితం, దిక్సూచి, ఏడాదికోసారి విమానాశ్రయం చూపించడం, ప్రశ్నకు చోటిచ్చే ఉపాధ్యాయుడు ఉంటే చాలు. వీళ్లందరూ పైలట్లు కాకపోవచ్చు. "అది మనకు కాదు" అన్న మాట మాత్రం వాళ్ల నోట రాకూడదు.