మలేరియా క్రిమి జాతి నిర్ణయము

బస్తరు అరణ్య గ్రామములలో మలేరియా చిరకాలముగా ప్రబలి యున్నది. చలిజ్వరము చూచుటకు ఒకే విధముగా నుండును గాని, దానిని కలిగించు క్రిములన్నియు ఒకే జాతివి కావు. ఇచ్చట ఫాల్సిపేరం జాతి అధికము. వైవాక్స్ కూడ కలదు. ఫాల్సిపేరం తీవ్రమైనచో మెదడునకు సోకి ప్రాణము తీయగలదు. వైవాక్స్ కాలేయమున దాగియుండి, నెలల పిమ్మట మరల జ్వరము తెప్పించును. కావున జాతినిబట్టి చికిత్స మారును. మొదటిదానికి ఆర్టిమిసినిన్ కలిసిన మిశ్రమౌషధము నిత్తురు. రెండవదానికి క్లోరోక్విన్‌తో పాటు, వైద్యుని సలహాపై, 14 దినములు ప్రైమాక్విన్ నిత్తురు.

గ్రామములలో పరీక్షా పట్టీవలనను, ఆసుపత్రులలో సూక్ష్మదర్శినివలనను క్రిమిని గుర్తింతురు. క్రిములు మిక్కిలి స్వల్పముగా నున్నను, రెండు జాతులు కలిసియున్నను ఇవి పొరబడవచ్చును. అట్టిచోట పి.సి.ఆర్. పద్ధతి తోడ్పడును. రక్తపుబొట్టునుండి డి.ఎన్.ఏ.ను వేరుచేసి, ఒక్కొక్క జాతికే ప్రత్యేకమైన జన్యుభాగమును కోట్లాది ప్రతులుగా వృద్ధిచేయుదురు. ఏ జాతి భాగము వృద్ధియైనదో ఆ జాతి క్రిమి రక్తమున నున్నట్లు తేలును. దీనికి ప్రయోగశాల, కాలము కావలెను. కనుక చికిత్స దీనికై ఆగదు.

2020 జనవరిలో ఆరంభమైన ‘మలేరియా ముక్త బస్తర్’ కార్యక్రమమున ఇంటింట రక్తపరీక్షలు జరుపగా, జ్వరము లేని అనేకులయందును క్రిములు కనబడెను. దోమ వీరినుండియు వ్యాధిని ఇతరులకు చేర్చును. కావున ఆరోగ్యముగా నున్నవారును పరీక్షకు నిరాకరింపరాదు. జ్వరము వచ్చిన దినముననే గ్రామపు మితానిన్‌ను కలిసికొనవలెను. జ్వరము తగ్గినను ఇచ్చిన మందును పూర్తిగా వాడవలెను.