సర్వర్ మరిచిపోతేనే మేలు

షేర్డ్ డ్రైవ్‌లో ఫైలు తెరిచి ఉండగా నెట్‌వర్క్ పోయిందనుకోండి. మళ్ళీ రాగానే కొన్ని చోట్ల పని ఆగినచోటి నుంచే సాగిపోతుంది. కొన్ని చోట్ల ఫైలు మళ్ళీ తెరవాల్సిందే. ఎందుకీ తేడా అని క్లాసులో ఒకమ్మాయి అడిగింది. నాకెంతో ఇష్టమైన ప్రశ్న అది.

1984లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీర్లు నెట్‌వర్క్‌లో ఫైళ్ళు పంచుకునేందుకు ఎన్‌ఎఫ్‌ఎస్‌ను తయారు చేస్తూ, ఎవరు ఏ ఫైలు తెరిచారో సర్వర్ గుర్తుపెట్టుకోనక్కర్లేదని తేల్చేశారు. సర్వర్ క్లయింట్‌కి ఒక ఫైల్ హ్యాండిల్ ఇస్తుంది. అందులో సాధారణంగా ఫైల్ సిస్టమ్ గుర్తు, ఫైలు ఐనోడ్ నంబరు (ఆ ఫైల్ సిస్టమ్‌లో ఫైలుకుండే సంఖ్య), జనరేషన్ నంబరు ఉంటాయి. ఇక క్లయింట్ ఎప్పుడడిగినా పూర్తిగా అడుగుతుంది: ఈ హ్యాండిల్ ఉన్న ఫైల్లో ఫలానా బైటు నుంచి 8192 బైట్లు ఇవ్వు. ‘తర్వాతి ముక్క ఇవ్వు’ అనడం ఉండదు. కాబట్టి సర్వర్ రీబూట్ అయి వచ్చినా మళ్ళీ కలపడానికంటూ ఏమీ మిగలదు. జవాబు రాకపోతే క్లయింట్ అదే అభ్యర్థనను వచ్చేదాకా పంపుతూ ఉంటుంది, అంతే.

జనరేషన్ నంబరు ఎందుకో చూడండి. ఫైలు చెరిపేశాక దాని ఐనోడ్ నంబరు కొత్త ఫైలుకి దక్కవచ్చు. పాత హ్యాండిల్ పట్టుకొచ్చిన క్లయింట్ ఆ కొత్త ఫైల్లో రాసేస్తే? అందుకే ఐనోడ్‌ను తిరిగి వాడిన ప్రతిసారీ ఈ నంబరు మారుతుంది. సరిపోలకపోతే వచ్చేదే ‘స్టేల్ ఫైల్ హ్యాండిల్’ ఎర్రర్. ఒక్క చిన్న అంకెతో ఎంత పెద్ద ప్రమాదం తప్పిందో!

చిక్కు చెరిపేయడంలో వచ్చింది. సర్వర్ ఫైలు చెరిపింది, జవాబు దారిలో పోయింది. క్లయింట్ మళ్ళీ అడిగితే, పని అయిపోయినా సర్వర్ ‘అలాంటి ఫైలు లేదు’ అంటుంది. అందుకని ఇటీవలి అభ్యర్థనల నంబర్లు, వాటి జవాబులు సర్వర్ మెమరీలో దాచడం మొదలైంది. 1989లో డెక్ కంపెనీకి చెందిన చెట్ జుష్చాక్ ఈ పద్ధతిని వివరిస్తూ పత్రం రాశారు.

విండోస్ ఫైళ్ళు పంచుకునేందుకు వాడే ఎస్‌ఎంబీది ఎదురు దారి. తెరిచిన ఫైళ్ళు, లాకులు అన్నీ సర్వర్ లెక్కలోనే ఉంటాయి. కనెక్షన్ తెగితే అన్నీ మూసుకుపోయేవి. విండోస్ విస్టాతో వచ్చిన ఎస్‌ఎంబీ 2 డ్యూరబుల్ హ్యాండిల్స్ తెచ్చింది: తెగినా సర్వర్ కాసేపు ఫైలు తెరిచే ఉంచుతుంది. విండోస్ సర్వర్ 2012తో, కలిసి పనిచేసే సర్వర్ల గుంపు (క్లస్టర్) కోసం విట్‌నెస్ ప్రోటోకాల్ వచ్చింది. పడిపోయిన యంత్రం తాను పడిపోయానని చెప్పలేదు. కనెక్షన్‌ను నడిపే టీసీపీ ఏమో జవాబు రాకపోతే వ్యవధి పెంచుకుంటూ మళ్ళీ మళ్ళీ పంపుతుంది. అంతసేపు ఆగకుండా, క్లస్టర్‌లోని మరో సర్వరే క్లయింట్‌కి కబురు పంపుతుంది. నా దృష్టిలో ఎస్‌ఎంబీలో అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు ఇదే.

ఈలోగా లాకుల కోసం ఎన్‌ఎఫ్‌ఎస్ 4వ వెర్షన్ కూడా గుర్తుపెట్టుకోవడం మొదలెట్టింది. లినక్స్ సర్వర్ రీబూట్ అయ్యాక, పాత క్లయింట్లు తమ లాకులు తిరిగి చెప్పుకునేందుకు మామూలుగా 90 సెకన్లు గడువిస్తుంది. అప్పటిదాకా కొత్తగా ఫైళ్ళు తెరవనివ్వదు. త్వరగా కోలుకోవాలని అడ్మిన్లు ఈ గడువునూ, దానితోపాటు లీజు కాలాన్నీ (క్లయింట్ నుంచి కబురు రాకున్నా సర్వర్ దాని లాకులు ఉంచే వ్యవధి) తగ్గిస్తారు. లీజు మరీ తగ్గిస్తే మాత్రం, కాసేపు నెట్‌వర్క్ పోయిన క్లయింట్ లాకులు ఊడిపోయే ప్రమాదం ఉంది.